తిప్పి పంపండి, దాచిపెట్టకండి

మా వైపు మెయిల్‌కు జవాబు రాకపోతే ఎవరూ సర్వర్‌ని అనుమానించరు, మనిషిని అనుమానిస్తారు. "చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాడు" అనే మాట ముందు వస్తుంది. "అసలు అందిందో లేదో" అనే మాట చాలా ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి రానే రాదు. అక్కర్లేవనుకున్న మెయిళ్లని జీమెయిల్‌లాంటివి పక్కన పడేసే స్పామ్ ఫోల్డర్ గురించి ఇంత పొడుగున రాయడానికి నాకున్న కారణం ఇదే. కంప్యూటర్‌లో మొదలైన గొడవ చుట్టరికాల దాకా వెళ్లడం నేను చాలాసార్లు చూశాను.

నేనుండేది బరంపురంలో. చిన్న దుకాణాలకు, పట్టుచీరలవాళ్లకు, అప్పడాలు వడియాలు చేసి పైఊళ్లకు పంపేవాళ్లకు వెబ్‌సైట్లు, మెయిళ్లు పెట్టి ఇస్తుంటాను. మా ఉత్తరాలు సగం రాష్ట్రం సరిహద్దు దాటాల్సినవే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడినప్పుడు బరంపురం, పర్లాకిమిడి ఇటొచ్చాయి. ఇచ్ఛాపురం, పాతపట్నం అటుండిపోయాయి. పెళ్లి సంబంధాలు, పొలాలు, బాకీలు మాత్రం ఆ గీత చూసుకుని విడిపోలేదు. పట్టా ఒడియాలో ఉంటుంది, దాని మీద సంతకం పెట్టాల్సినవాడు విశాఖలోనో బెంగుళూరులోనో ఉంటాడు. (జీమెయిల్ మొదలైంది కూడా ఏప్రిల్ 1నే, 2004లో. ఆ తేదీ మాకు అచ్చొచ్చిందా లేదా అన్నది మావాళ్లలో ఇంకా తేలలేదు.)

పర్లాకిమిడిలో మా బాబాయికి బట్టల దుకాణం ఉంది. ఇది 2022 నాటి మాట. ఉమ్మడి పొలం పంపకాలకు పెదనాన్నగారి అబ్బాయి, అంటే మా అన్నయ్య, సమ్మతి కావాల్సి వచ్చింది. బాబాయి కాగితాలన్నీ ఫోటోలు తీసి దుకాణం మెయిల్ నుంచి బెంగుళూరుకు పంపాడు. జవాబు లేదు. కొన్నాళ్లు ఆగి మళ్లీ పంపాడు. అప్పుడూ లేదు. నాకు ఫోన్ చేశాడు. "ఏరా, మీ అన్నకి నేనంత లోకువైపోయానేటి? రెండు ముక్కలు రాయడానికి చేతులు నొప్పెడతన్నాయేటి ఆడికి?"

అన్నయ్యకు ఫోన్ చేస్తే అతని కోపం అతనికుంది. "నన్ను అడక్కుండానే పంపకాలు కానిచ్చేస్తున్నారని అత్త చెప్పింది. నాకు ఒక్క కాగితమైనా పంపారా?" జీమెయిల్‌లో బాబాయి పేరు కొట్టి వెతికాడట, ఏమీ రాలేదట.

అతను అబద్ధం చెప్పలేదు. జీమెయిల్‌లో మామూలుగా వెతికితే స్పామ్‌లోనూ ట్రాష్‌లోనూ ఉన్నవి కనిపించవు. అక్కడ కూడా చూడమని విడిగా చెప్పాలి, 'ఇన్:ఎనీవేర్' అని ఇంగ్లీషులో కొట్టి మరీ. అన్నయ్య పదిహేనేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నాడు, అతనికే ఆ సంగతి తెలీదు. ఇక ఊళ్లో ఉన్న పెద్దవాళ్ల సంగతి చెప్పేదేముంది? అవుట్‌లుక్‌లాంటి ప్రోగ్రామ్‌లో పాత పాప్ పద్ధతిలో మెయిల్ దించుకునేవాళ్లకు ఇంకా కష్టం. జీమెయిల్ ఆ దారిలో స్పామ్‌ను పంపనే పంపదు. వాళ్ల కంప్యూటర్‌లో ఆ ఉత్తరం ఎప్పుడూ లేదు. ఫోన్‌లో కూడా స్పామ్‌లో పడ్డ మెయిల్‌కు టింగుమని శబ్దం రాదు.

ఆ రెండు మెయిళ్లూ స్పామ్‌లోనే దొరికాయి. అందులో ఉన్నవాటిని జీమెయిల్ 30 రోజులకు దానంతటదే తుడిచేస్తుంది. మొదటిదానికి గడువు దగ్గరపడింది కూడా. మెయిల్ తెరిస్తే పైన ఒక పట్టీ ఉంది. ఈ సందేశం స్పామ్‌లో ఎందుకుందీ అన్న ప్రశ్న, దాని కిందే జవాబు: గతంలో స్పామ్‌గా గుర్తించిన సందేశాలను పోలి ఉంది కాబట్టి. ఏ విషయంలో పోలి ఉంది? లోపల ఉన్నది మా తాతగారి పట్టా నకలు. అలాంటిది ఇంతకుముందు ఎవడు ఎవరికి స్పామ్ పంపాడట? కారణం అడిగితే "కారణం ఉంది" అని చెప్పి ఊరుకున్నట్టుంది.

అసలు కారణం కావాలంటే ఇంకో చోట వెతకాలి. మెయిల్ పక్కన ఉండే మూడు చుక్కలు నొక్కి 'షో ఒరిజినల్' అంటే ఒక పేజీ తెరుచుకుంటుంది. దాని పైభాగంలో ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు వరసలుంటాయి. బాబాయి మెయిల్‌కు ఎస్‌పీఎఫ్ వరసలో పాస్ లేదు, 'పర్మ్‌ఎర్రర్' అని ఉంది. మిగతా రెండు వరసలు అసలు లేవు.

ఈ మూడూ ఏమిటో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ఈమెయిల్‌ను ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు చేరవేసే పద్ధతిని జాన్ పోస్టెల్ 1982లో రాశాడు. అప్పట్లో ఆ నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లు ఒకరికొకరు తెలిసినవాళ్లే. పంపినవాడు నిజంగా వాడేనా అని అడిగే ఏర్పాటు అందులో పెట్టలేదు. ఇన్‌లాండ్ కవరు వెనక 'ఫ్రమ్' దగ్గర ఎవరి పేరైనా రాయొచ్చు, పోస్టాఫీసువాళ్లు గుర్తింపు కార్డు అడగరు. మెయిల్ కూడా అంతే. అంతకు నాలుగేళ్ల ముందే, 1978 మే 3న, డిజిటల్ ఎక్విప్‌మెంట్ అనే కంపెనీలో పనిచేసే గ్యారీ థర్క్ తమ కొత్త కంప్యూటర్ల ప్రకటనను సుమారు 400 మందికి ఒక్కసారే పంపి తిట్లు తిన్నాడు. హెచ్చరిక ఉన్నా పట్టించుకోలేదన్నమాట.

ఆ లోటు పూడ్చడానికి తర్వాత పైన అతికించినవే ఈ మూడూ. ఎస్‌పీఎఫ్ అంటే "మా డొమైన్ పేరుతో ఈ ఈ సర్వర్లు మాత్రమే మెయిల్ పంపుతాయి" అని డొమైన్ (మెయిల్ చిరునామాలో @ తర్వాత ఉండే పేరు) సొంతదారు డీఎన్‌ఎస్‌లో, అంటే డొమైన్ల వివరాలుండే ఇంటర్నెట్ చిట్టాలో, రాసి పెట్టే ఒక వాక్యం. డీకిమ్ అంటే ప్రతి మెయిల్ మీదా సర్వర్ వేసే డిజిటల్ సంతకం. డీమార్క్ 2012లో బయటికొచ్చింది. ఆ రెంటిలో నెగ్గిన డొమైనూ, చదివేవాడికి 'ఫ్రమ్' దగ్గర కనిపించే డొమైనూ ఒకటేనా అని చూసి, కాకపోతే ఏం చేయాలో కూడా సొంతదారు చేతే చెప్పిస్తుంది. మూడింటికీ డీఎన్‌ఎస్‌లో రాయాల్సింది నాలుగు పంక్తులే. కానీ ఆ పంక్తుల్లో చుక్క తేడా వచ్చినా పని చెడుతుంది. ఎస్‌పీఎఫ్ వాక్యం చివర 'ఆల్' అనే మాటకు ముందు అలలాంటి గీత ఉంటే "జాబితాలో లేని సర్వర్‌ని అనుమానంగా చూడండి" అని అర్థం. మామూలు అడ్డగీత ఉంటే "మాది కాదు, పొమ్మనండి" అని అర్థం. దుకాణం యజమానికి ఇది ఎవరు చెబుతారు? వెబ్‌సైట్ చేసిన కుర్రాడు డబ్బులు తీసుకుని వెళ్లిపోతాడు.

బాబాయి విషయంలో జరిగింది మరీ చిన్నది. దుకాణానికి మొదట మెయిల్ పెట్టినప్పుడు ఒక ఎస్‌పీఎఫ్ రికార్డు పెట్టారు. తర్వాత బిల్లులు మెయిల్‌లో పంపే సాఫ్ట్‌వేర్ కొన్నారు. దానివాళ్లు "ఈ పంక్తి మీ డీఎన్‌ఎస్‌లో చేర్చండి" అన్నారు, ఎవరో చేర్చారు. ఒక డొమైన్‌కు రెండు ఎస్‌పీఎఫ్ రికార్డులు ఉండకూడదు. ఉంటే ఏది సరైనదని ఎవరూ చూడరు, రెండూ చెల్లవు. ఆ రెంటినీ కలిపి ఒకే వాక్యంగా రాయాలి. ఈ తప్పు నాకు బరంపురంలో ఎన్ని దుకాణాల్లో కనిపించిందో లెక్కపెట్టడం మానేశాను. ఎవరూ తప్పు చేశామని కూడా అనుకోరు, ఎందుకంటే కంపెనీ ఇచ్చిన సూచనే కదా వాళ్లు పాటించింది.

దీనికి తోడు సబ్జెక్టులో 'డాక్యుమెంట్స్' అని ఒక్క ముక్క, లోపల ఒక్క అక్షరం లేకుండా నాలుగు ఫోటోలు. అన్నయ్యకు ఆ చిరునామా నుంచి అంతకుముందు ఒక్క మెయిలూ వచ్చి ఉండలేదు. వైరస్‌లు అంటగట్టేవాళ్లు కూడా సరిగ్గా ఇలాగే పంపుతారు. మెయిల్‌లో "నాన్నా, పొలం కాగితాలు పంపుతున్నాను, చూసి ఫోన్ చెయ్యి" అని ఒక్క వాక్యం ఉన్నా కొంత నయం. బాబాయితో ఆ మాట అంటే, "ఫోన్‌లో చెప్పాలనుకున్నదే కదరా, మళ్లీ రాయడమెందుకు" అన్నాడు. మనిషి దృష్టిలో అది సబబే.

మాటల విషయానికొస్తే, మా దగ్గర ఒక పుకారు గట్టిగా నాటుకుపోయింది. "ఫ్రీ అని రాయకు, అర్జెంట్ అని రాయకు, రూపాయి గుర్తు పెట్టకు, స్పామ్‌లోకి పోతుంది" అంటారు. ఇరవై ఏళ్ల కిందట ఇందులో కొంత నిజముంది. 2002 తర్వాత కొన్నేళ్లు ఫిల్టర్లు మాటల్ని లెక్కగట్టేవి: ఈ మాట మంచి మెయిళ్లలో ఎంత వస్తుంది, చెడ్డవాటిలో ఎంత వస్తుంది అని. స్పామర్లు మాటలు మార్చుకున్నారు, అక్షరాల మధ్య చుక్కలు పెట్టారు, మాటల్ని బొమ్మలుగా పంపారు. దాంతో ఫిల్టర్లు ఏం రాశాడన్నది కాస్త వెనక్కి నెట్టి ఎవరు రాశాడన్నది ముందుకు తెచ్చాయి. ఇప్పుడు డొమైన్ వయసు, సర్వర్ ఐపీకి (నెట్‌లో దాని అంకెల చిరునామాకు) ఉన్న పేరు, ఇంతకుముందు ఆ చిరునామా నుంచి వచ్చినవాటిని జనం ఏం చేశారన్నదే ఎక్కువ బరువు. ఒక్క మాటతో మునిగిపోయే మెయిల్ అరుదు.

నాకు అసలు అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది. పేరు రావాలంటే పంపాలి, చాలా పంపాలి. రోజుకు లక్ష మెయిళ్లు పంపే కంపెనీకి పేరు దానంతటదే తయారవుతుంది. వారానికి నాలుగు మెయిళ్లు పంపే బట్టల దుకాణానికి మంచి పేరూ ఉండదు, చెడ్డ పేరూ ఉండదు. ఊరికి కొత్త మొహమే ఎప్పటికీ. దానికి తోడు చౌక హోస్టింగ్‌లో ఒకే ఐపీ మీద వందల సైట్లుంటాయి. వాటిలో ఎవరిదో పాత వర్డ్‌ప్రెస్ సైట్‌లోకి దొంగలు దూరి రాత్రికి రాత్రి చెత్త పంపితే ఆ ఐపీ మొత్తం నల్లజాబితాకెక్కుతుంది. బాబాయికి ఆ పొరుగువాడెవడో కూడా తెలీదు, తెలుసుకునే దారీ లేదు. ఇంట్లో సొంత సర్వర్ పెట్టుకుందామని ఉబలాటపడే ఇంజనీరింగ్ కుర్రాళ్లు మాకూ ఉన్నారు. వాళ్లకి ఎదురయ్యేది ఇంకోటి. 1998లో మొదలైన స్పామ్‌హౌస్ సంస్థ ఇళ్లకిచ్చే ఇంటర్నెట్ ఐపీలతో విడిగా ఒక జాబితా పెట్టింది. ఆ ఐపీ నేరం చేసిందని కాదు, అక్కడి నుంచి నేరుగా మెయిల్ రావడానికి వీల్లేదన్నది దాని లెక్క. లెక్క సబబే కావచ్చు. కానీ తన చిరునామా తనే నడుపుకుందామనుకున్నవాడికి అది మొదటి మెట్టు మీదే మూసిన తలుపు.

పెద్దవాళ్లకు మాత్రం తలుపు ఎలా తెరవాలో చెప్పి మరీ తెరిచారు. గూగుల్, యాహూ 2023 అక్టోబరులో కొత్త నిబంధనలు ప్రకటించి 2024 ఫిబ్రవరి నుంచి అమలు మొదలుపెట్టాయి. జీమెయిల్ చిరునామాలకు రోజుకు 5,000కు పైగా పంపేవాళ్లకు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ ఉండాలి, ఒక్క నొక్కుతో జాబితా నుంచి తప్పుకునే ఏర్పాటు ఉండాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం దాటకూడదు. చిన్నవాళ్లకు ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో ఏదో ఒకటి ఉంటే చాలు. మైక్రోసాఫ్ట్ కూడా 2025 మేలో అవుట్‌లుక్‌కు ఇంచుమించు ఇలాంటివే పెట్టింది. కాగితం మీద చూస్తే చిన్నవాళ్లకే సులువు. నడిచేది వేరు. పెద్ద కంపెనీకి ఈ పని చేయడానికి జీతగాళ్లుంటారు, పైగా గూగుల్ వాళ్లకోసం ఒక అద్దం కూడా ఇచ్చింది. పోస్ట్‌మాస్టర్ టూల్స్ అనే ఆ పేజీలో తమ మీద ఎన్ని ఫిర్యాదులొచ్చాయో, ఎన్ని మెయిళ్లు పరీక్షలో నెగ్గాయో చూసుకోవచ్చు. నేను మా దుకాణాల డొమైన్లను అందులో చేర్చి చూశాను. చూపించడానికి డేటా లేదంటుంది, పంపే మెయిళ్లు అంత తక్కువ కాబట్టి. అద్దం అందరికీ ఉంది, కనిపించేంత పెద్ద మొహం ఉండాలి.

ఫలితం ఏమిటో మీ ఇన్‌బాక్సే చెబుతుంది. పర్సనల్ లోన్ తీసుకోమనే మెయిల్ మూడు పరీక్షల్లోనూ పాసై దర్జాగా లోపల ఉంటుంది, మహా అయితే ప్రమోషన్స్ ట్యాబ్‌లో. ఎందుకంటే ఆ పరీక్షలు అడిగేది "నువ్వు ఎవరు" అని మాత్రమే. "నీ ఉత్తరం ఇతనికి కావాలా" అన్నది వాటి ప్రశ్న కాదు. అన్నీ సరిగ్గా పెట్టుకున్న స్పామర్ కూడా పాసవుతాడు. నిజానికి ముందు పెట్టుకునేది వాళ్లే.

ఫార్వర్డ్ చేయడం ఇంకో చిక్కు, చిన్నగా చెప్పేస్తాను. మా ఎరుకలో రిటైరైన మాస్టారొకరు పాత కాలేజీ చిరునామాకు వచ్చే మెయిళ్లన్నీ జీమెయిల్‌కు మళ్లించుకున్నారు. మీరు సరైన సర్వర్ నుంచే పంపుతారు. కాలేజీ సర్వర్ దాన్ని మళ్లీ గూగుల్‌కు పంపుతుంది. గూగుల్‌కు కనిపించేది కాలేజీ సర్వర్. మీ ఎస్‌పీఎఫ్ జాబితాలో ఆ సర్వర్ ఎందుకుంటుంది? మీ తప్పూ లేదు, మాస్టారి తప్పూ లేదు, పరీక్ష మాత్రం పోతుంది. డీకిమ్ సంతకం చెక్కుచెదరకుండా చేరితే గట్టెక్కుతారు. దారిలో ఎవరైనా కింద "ఇది బయటినుంచి వచ్చిన మెయిల్" అని ఒక పంక్తి అతికిస్తే సంతకమూ చెడుతుంది. అందుకే ఎవరైనా నన్ను ఒక్కటే పెట్టమంటే డీకిమ్ పెట్టమంటాను.

మనవాళ్ల చేతులు కూడా తక్కువేం చేయవు. ఇక్కడి ఒక తెలుగు సంఘంవాళ్లు ఉగాది ఆహ్వానాన్ని మామూలు జీమెయిల్ నుంచి బీసీసీలో మూడు వందల మందికి ఒక్క దెబ్బకు పంపేవారు. అందులో సగం చిరునామాలు పాతవి, చనిపోయినవాళ్లవి కూడా ఉన్నాయి. చందా అడుగుతారేమోనని కొందరు చదవకుండానే 'రిపోర్ట్ స్పామ్' నొక్కేస్తారు. వాళ్లకది డిలీట్ బొత్తాంలాంటిదే. నొక్కినవాడికి తేడా లేదు, పంపినవాడి పేరు మీద మాత్రం ఒక ఫిర్యాదు పడుతుంది. కార్యదర్శిగారు ఆ తర్వాత సొంత పని మీద కూతురికి రాసిన మెయిల్ కూడా కనపడకుండా పోయిందని నాతో అన్నారు. దానికి ఇదే కారణమని నేను ఒట్టేసి చెప్పలేను కానీ, నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు.

అవుట్‌లుక్ పాత డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌లో ఇంకో వింత ఉంది. జంక్ మెయిల్ సెట్టింగుల్లో 'ఇంటర్నేషనల్' అనే ట్యాబ్. అక్కడ ఒక్క టిక్కుతో ఒక దేశం డొమైన్ మొత్తాన్ని ఆపేయొచ్చు, ఒక లిపికి సంబంధించిన ఎన్‌కోడింగ్ మొత్తాన్ని ఆపేయొచ్చు. మనవైపు ఎవరైనా వాడతారని కాదు. ఎక్కడో విదేశీ ఆఫీసులో ఎవరో విసుగొచ్చి '.ఇన్' పక్కన టిక్కు పెడితే మన దేశం ఉత్తరాలన్నీ ఒకే బుట్టలో పడతాయి. అలాంటి బొత్తాం ఒకటి తయారుచేసి పెట్టాలని ఒకరికి తోచిందంటేనే, అటువైపు కూర్చున్నవాళ్లకు మనం ఎలా కనిపిస్తామో తెలుస్తుంది.

ఇంత చెప్పాక, నేను ఫిల్టర్లకు వ్యతిరేకం అనుకోకండి. రోజుకు దాదాపు 1,500 కోట్ల అక్కర్లేని మెయిళ్లను ఆపుతున్నామని గూగుల్ చెబుతుంది. ఆ లెక్కలో సగం నిజమైనా, ఆ గేటు లేకపోతే మన ఇన్‌బాక్స్‌లో ఒక్కరోజు కూడా ఉండలేం. కరెంటు కట్ చేస్తాం, కేవైసీ అప్‌డేట్ చెయ్యండి అని వచ్చే దొంగ మెసేజీలకు డబ్బు పోగొట్టుకున్న పెద్దవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. ఆపాలి. ఎలా ఆపుతున్నారన్నదే నా తగువు.

మెయిల్‌ను ఆపడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి, గుమ్మంలోనే తిప్పి పంపడం. సర్వర్ 550 అనే అంకెతో "తీసుకోను, కారణం ఇదీ" అంటుంది, ఆ మాట పంపినవాడికి మెయిల్‌గా చేరుతుంది. రెండోది, సరేనని తీసుకుని, తీసుకున్నట్టు ఒప్పుకుని, లోపలికి తీసుకెళ్లి ఎవరూ చూడని మూలన పడేయడం. పంపినవాడికి చేరిందనే అనిపిస్తుంది, అందుకోవాల్సినవాడికి రాలేదనే అనిపిస్తుంది. ఇద్దరూ నిజమే చెబుతారు, ఇద్దరూ ఎదుటివాడిది అబద్ధమనుకుంటారు. తపాలా శాఖను మనం ఎంత తిట్టుకున్నా, చేరని ఉత్తరాన్ని వెనక్కి పంపుతుంది. పంపినవాడి చిరునామా కూడా లేకపోతే దానికోసం రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసని విడిగా ఒక ఆఫీసే పెట్టింది. ఇచ్చేశామని చెప్పి గోడౌన్‌లో పెట్టుకోదు.

స్పామ్ ఫోల్డర్ ఉన్నదే పొరపాటున పడ్డవాటిని వెనక్కి తీసుకోవడానికి కదా అంటారు కొందరు. మంచి ఉద్దేశమే. కానీ అది ఎవరైనా వెళ్లి చూస్తేనే. రోజూ స్పామ్ తెరిచి జల్లెడ పట్టాలంటే ఇక ఫిల్టర్ దేనికి? వెతికితే కనపడకుండా, ఫోన్‌లో మోగకుండా, నెలకు తుడిచేసేలా కట్టిన గదిని పట్టుకుని "చూసుకోవాల్సింది" అనడం అన్యాయం.

కారణం చెబితే స్పామర్లు నేర్చుకుంటారన్నది రెండో వాదన, ఇది ఇంకా గట్టిగా వినిపిస్తుంది. నాకు ఇది అస్సలు మింగుడుపడదు. టోకున పంపేవాళ్లు అన్ని సర్వీసుల్లోనూ సొంత ఖాతాలు తెరిచి ఉంచుకుంటారు, ముందు వాటికి పంపి ఇన్‌బాక్స్‌లో పడిందా స్పామ్‌లో పడిందా చూసుకుని తర్వాత అందరికీ పంపుతారు. ఆ పరీక్ష చేసిపెట్టే సర్వీసులు డబ్బుకు దొరుకుతాయి. అంటే ఎక్కడ పడిందో తెలియనిది ఇప్పుడు ఎవరికి? ఒక్క ఉత్తరం, ఒక్కరికి, ఒక్కసారి రాసేవాడికి. దాపరికం దొంగకు అడ్డు కావడం లేదు, బాబాయికే అవుతోంది.

తిప్పి పంపితే ఆ తిప్పుటపా ఎవరో అమాయకుడికి చేరుతుంది, దొంగలు ఇతరుల చిరునామా వాడతారు కదా అన్నది మూడోది. ఒకప్పుడు సరైన మాట. కానీ ఎస్‌పీఎఫో డీకిమో పాసైన మెయిల్ విషయంలో పంపినది ఫలానా డొమైనే అని గూగుల్‌కు తెలుసు. కనీసం వాళ్లకైనా చెప్పొచ్చుగా? "మీరెవరో మాకు తెలుసు, అయినా పక్కన పెట్టాం" అని ఒక్క పంక్తి. దాన్ని చూసి మనిషి ఫోన్ చేసుకుంటాడు.

2015లో గూగుల్ ఒక లెక్క చెప్పింది: కావాల్సిన మెయిళ్లలో స్పామ్‌లో పడేవి 0.05 శాతంలోపే అని. రెండు వేలకు ఒకటి. గొప్ప లెక్కే, కానీ సగటు. ఆ రెండు వేలలో ఎక్కువ భాగం బ్యాంకు స్టేట్‌మెంట్లు, రైలు టికెట్లు, ఓటీపీలు, ఒక జీమెయిల్ నుంచి ఇంకో జీమెయిల్‌కు వెళ్లేవి. వాటికి ఏ ఆటంకం లేదు. మిగిలిన ఆ ఒక్కటీ అందరి మీదా సమంగా పడదు. సొంత డొమైన్, చౌక సర్వర్, కొత్త పరిచయం ఉన్నవాడి మీద పడుతుంది. అతని లెక్కలో అది రెండు వేలకు ఒకటి కాదు, రెండుకు రెండు.

వాట్సాప్ ఉందిగా, ఈ గోల ఎందుకంటారు మావాళ్లు. వాట్సాప్‌లో పంపితే నీలం గీతలు కనిపిస్తాయి, నిజమే, అందుకే అందరూ అటే పోయారు. కానీ ఫోన్ నంబరు మారితే అదీ పోతుంది. యూనివర్సిటీవాళ్లు, వకీలు, బయ్యర్లు ఇప్పటికీ మెయిలే అడుగుతారు. పైగా సొంత డొమైన్ మీద చిరునామా ఒక్కటే ఏ కంపెనీ దయా లేకుండా మనతో ఉండేది. కంపెనీ మారినా సర్వర్ మారినా చిరునామా మారదు. మా పర్లాకిమిడి దుకాణం పేరుతో ఒక చిరునామా ఉండాలని బాబాయి పట్టుబట్టింది అందుకే, బోర్డు మీద రాయించుకున్నాడు కూడా. చిన్నవాళ్ల మెయిళ్లు చప్పుడు లేకుండా మాయమవుతుంటే చివరికి అందరం రెండు మూడు పెద్ద కంపెనీల చిరునామాల్లోకే చేరతాం. అలా చేరితే వాళ్లకేం నష్టం?

తిప్పి పంపడం కుదరని పని కాదు. ముఖ్యంగా 2024 నుంచి జీమెయిల్ ఆ పని కొంతవరకు చేస్తూనే ఉంది. ఎస్‌పీఎఫ్, డీకిమ్ రెండూ లేని మెయిల్‌ను 550 5.7.26 అనే అంకెతో, పంపినవాడు ఎవరో నిర్ధారణ కాలేదు అన్న మాటతో, ఏం చేయాలో చెప్పే లింకుతో సహా వెనక్కి పంపుతోంది. మంచి పని. కానీ అది ఈ ఒక్క లోపానికే. ఐపీ పేరు బాగోలేదనో, ఇలాంటివి చూశామనో పక్కన పెట్టినవాటికి ఇప్పటికీ చప్పుడు లేదు. ఆ మర్యాదే వాటికీ చేయమంటున్నాను.

ఎందుకంటే తేడా నేను కళ్లారా చూశాను. 2024లోనే ఇక్కడ అప్పడాలు చేసే ఒకావిడ హైదరాబాద్‌లోని బయ్యర్‌కు ధరల పట్టిక పంపారు. డొమైన్‌లో సరిగ్గా బాబాయిదే లోపం, రెండు ఎస్‌పీఎఫ్ రికార్డులు, డీకిమ్ లేదు. నిమిషంలో మెయిల్ వెనక్కొచ్చింది. "బాబూ, ఏదో ఎర్ర అక్షరాల ఇంగ్లీషు వచ్చింది, మన సైటు పోయిందా?" అని కంగారుగా ఫోన్ చేశారు. స్క్రీన్‌షాట్ పంపమన్నాను, 5.7.26 కనిపించింది. రెండు రికార్డులు కలిపి ఒకటి చేశాను, డీకిమ్ పెట్టాను, సాయంత్రం మళ్లీ పంపించాను. మర్నాడు బయ్యర్ ఫోన్ చేసి మినప్పప్పు అప్పడాల ధర మరీ ఎక్కువుందని బేరం మొదలుపెట్టాడు.